నడుము పట్టీ

కొండ కింద శిక్షణ శిబిరం,
మెస్సు గది, కిటికీ పక్క బల్ల.
ఫిబ్రవరి 4

బావా,

ముందు క్షేమసమాచారాలు అడిగి, తర్వాత అసలు సంగతికి రావాలని నువ్వూ అక్కా నాకు చిన్నప్పుడే నేర్పారు. ఇవాళ అంత ఓపిక లేదు. నాకొక రక్‌సాక్ కావాలి, కొండెక్కేవాళ్ళు తగిలించుకునేది. పెద్దది. ముప్ఫై రెండు కిలోలు మోసేది.

కింద ఊళ్ళో మూడు దుకాణాలు తిరిగాను. మొదటి దుకాణంలో అమ్మాయి "ఏ రంగు చూపించమంటారండీ?" అంది. "ముప్ఫై రెండు కిలోల రంగు" అన్నాను. నవ్వలేదు. రెండో దుకాణాయన నూట పది లీటర్ల బ్యాగు తీసి దాని జేబులన్నీ ఒక్కొక్కటే తెరిచి చూపించాడు. పద్దెనిమిది ఉన్నాయి. ఈల పెట్టుకోవడానికి కూడా ఒకటి. "బరువెక్కడ పడుతుందండీ?" అంటే "వీపు మీదేనండీ" అన్నాడు, అదేదో కొత్త విషయం చెప్పినట్టు. మూడో చోట ఖాళీ బ్యాగు తగిలించి, అద్దం ముందు నిలబెట్టి, మీకు భలే నప్పిందండీ అన్నారు. ఖాళీ సంచి ఎవరికి నప్పదు బావా?

తల ప్రాణం తోకకొచ్చి వట్టి చేతుల్తో తిరిగొచ్చాను. నీకు తెలుసు కదా, మంచులోకి గొట్టం దింపి లోపలి పొరల్ని కడ్డీలుగా బయటికి తీసే ఆ డ్రిల్లు నేను మూడేళ్ళు కూర్చుని చేశాను. పోయినేడు అది నేను లేకుండానే పైకెళ్ళింది, నేను బరువు మోయలేనని. పన్నెండు మీటర్ల దగ్గర ఇరుక్కుంది. నేను కింద రేడియో ముందు కూర్చుని "ఎడమకి తిప్పండి, మెల్లిగా, ఎడమకి" అని గొంతు చించుకున్నాను. వాళ్ళు కుడికి తిప్పి విరగ్గొట్టి తెచ్చారు.

ఈ ఏడు ఏప్రిల్ 28న పరీక్ష. ఎవరి వాటా బరువు వాళ్ళు ఎత్తుకుని నాలుగు గంటల్లో కొండదారిలో పాతిన రెండో జెండా చేరాలి. చేరనివాళ్ళు కిందే ఉండిపోతారు. మా బృందం పెద్దాయన నన్ను పక్కకి పిలిచి, ఈసారి కూడా నువ్వు పైకి రాలేకపోతే డ్రిల్లు పని ఇంకొకరికి అప్పగించక తప్పదమ్మా అన్నాడు. నలభై రెండేళ్ళొచ్చాయి నాకు. ఇంకో డ్రిల్లు చేసే ఓపిక లేదు.

ఊరంతా నిన్ను సంచుల డాక్టరంటారు. నా సంచి సంగతి చూడు. ఇక్కడ ఫోను అందదు. సరుకుల జీపు గురువారం గురువారం వచ్చి ఒక అరగంట ఆగి దిగిపోతుంది. ఉత్తరమైనా సామానైనా దాన్లోనే.

మరదలు


సంచుల దుకాణం,
మిషను పక్క బల్ల.
ఫిబ్రవరి 9

మొండిఘటానికి,

ముందు మా క్షేమం రాస్తాను, నువ్వు అడగకపోయినా. నేను బాగున్నాను. మీ అక్క బాగుంది. తను పనిచేసే ఆసుపత్రిలో కొత్త ఎక్స్‌రే మిషను వచ్చిందని రోజూ దాని గొప్పలే. ఇప్పుడు నీ సంగతి.

ఆ పద్దెనిమిది జేబుల బ్యాగు కొననందుకు నిన్ను మెచ్చుకోవాలి. ఇన్నేళ్ళలో నువ్వు నా మాట అడక్కుండా చేసిన మంచి పని అదొక్కటే. అందరూ లీటర్లు అడుగుతారు. లీటర్లు సంచిలో పట్టే సామానుకి, తల్లీ. మోసేది వీపు. వీపుకి అంగుళాలు కావాలి. నా దుకాణానికొచ్చే ప్రతివాడికీ ఇదే చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. తొంభై లీటర్లా నూటిరవయ్యా అని గంటసేపు వాదిస్తారు, వెన్ను ఎంత పొడుగయ్యా అంటే నా ముఖం చూస్తారు.

కాబట్టి నాకు రెండు సంగతులు రాసి పంపు. ఒకటి, నీ బరువులో ఏమేం ఉన్నాయో, ఏది ఎంతో. రెండు, వెన్ను కొలత. తల వంచితే మెడ వెనక ఒక ఎముక పొడుచుకొస్తుంది కదా, అక్కణ్ణించి నడుము దాకా టేపుతో కొలవాలి. నీకు నువ్వు కొలుచుకోకు, ఎవరిచేతైనా కొలిపించుకో. సరిగ్గా కొలవాలి. ఒక్క అంగుళం తేడా వస్తే నాలుగు గంటలు కాదు, నాలుగు నిమిషాలు మోయలేవు.

గోడకి వేలాడే నా పాత సంచి గుర్తుందా, పాతికేళ్ళ క్రితం కొండెక్కినప్పటిది? నిన్న ఒకాయన వచ్చి అది అమ్ముతారా అన్నాడు. కోపమొచ్చింది. అది బోర్డండీ అన్నాను.

బావ


శిక్షణ శిబిరం, మెస్సు గది.
ఫిబ్రవరి 18

బావా,

వెన్ను కొలత పదహారున్నర. ఇక్కడ టేపు దొరకడమే గగనమైంది. చివరికి వంటావిడ తన గుడారం కొలిచే టేపు తెచ్చింది. మెడ ఎముక నుంచి నడుము దాకా మూడుసార్లు కొలిపించాను. మూడుసార్లూ పదహారున్నరే. ఇక నువ్వు అనుమానపడనక్కర్లేదు.

బరువు: డ్రిల్లు మోటారు తొమ్మిది కిలోలు. దాని బ్యాటరీ ఏడు. మరలు విప్పే సామాను నాలుగు. మిగతాది నా పడక, బట్టలు, తిండి, నా వాటాకి వచ్చిన తాడు. తాడు సగం నేనే మోస్తానన్నాను. ఎందుకన్నానో అడక్కు. పోయినేడు నన్ను కింద వదిలేసినవాళ్ళు అక్కడే నిలబడి ఉన్నారు.

నాకు నూట పది లీటర్లది కావాలి. అంతా లోపలే పట్టాలి. బయట గిన్నెలూ తాళ్ళూ వేలాడుతూ గంటలు మోగించుకుంటూ వెళ్ళను. త్వరగా పంపు. వీళ్ళు వారం వారం అలవాటు నడకలు పెడుతున్నారు, నేను అరువు బ్యాగుతో ఈడుస్తున్నాను.

మరదలు


సంచుల దుకాణం.
మార్చి 1

మరదలా,

సంచి ఈ ఉత్తరంతోనే వస్తోంది. నువ్వు అడిగిన నూట పది లీటర్లు కాదు, తొంభై అయిదు. కేకలు వెయ్యకు, విను. చోటు ఉంటే నువ్వు నింపుతావు. తాడు సగం మోస్తానన్నదానివి, ఖాళీ జాగా కనపడితే మిగతా సగం కూడా అడుగుతావు. అన్నీ భుజాన వేసుకోవడం నీకు పుట్టుకతో వచ్చిన జబ్బు. అందుకే జాగా తగ్గించాను.

బట్ట మందమైనది. అడుగున రెండు పొరలు వేశాను. వీపు వైపు లోపల రెండు అల్యూమినియం బద్దలు ఉన్నాయి, నీ వీపు వంపుకి వంచాను. జేబులు రెండే. ఈలకి జేబు లేదు, మెళ్ళో వేసుకో. ఖాళీ సంచి మూడు కిలోల చిల్లర ఉంటుంది. ఇంతకంటే తేలికది కావాలంటే అది బరువు కింద రెండో రోజే చతికిలబడుతుంది.

ఇక కొలత. గుడారం టేపంటే నాకు నమ్మకం కుదరలేదు. మీ అక్కని గోడ వారగా నిలబెట్టి నేనే కొలిచాను. పదహారున్నర! వెంట్రుకవాసి తేడా లేదు. మీ ఇద్దరిదీ ఒకే ఎత్తు, చిన్నప్పుడు ఒకరి చొక్కాలు ఒకరు వేసుకుని తిరిగేవాళ్ళు. నా పని సులువైంది. సంచిలో ముప్ఫై కిలోల ఇసుక పోసి మీ అక్కకి తగిలించాను. హాలు నుంచి వంటగదికి పదిసార్లు తిరిగింది. "అసలు బరువే తెలియట్లేదు, ఇలాగే బజారుకి వెళ్ళొస్తాను" అంది. కాబట్టి నీకు సరిపోకపోవడమన్న ప్రశ్నే లేదు.

మోటారు వీపుకి ఆనుకుని, భుజాల మధ్య ఎత్తున ఉండాలి. పడక అడుగున. నడుము పట్టీ ముందు బిగించు, ఆ తర్వాతే భుజం పట్టీలు. ఈ వరస తప్పకు.

బావ


శిక్షణ శిబిరం, సామాన్ల గది మెట్లు.
మార్చి 18

బావా,

సంచి చాలా బాగుంది. కుట్టు చూసి ఇక్కడ అందరూ ఎవరు కుట్టారని అడిగారు. మా బావ అని గొప్పగా చెప్పుకున్నాను. ఆ గొప్ప మొదటి నడకలో ఒక గంట నిలిచింది.

గంట తర్వాత భుజాలు మండాయి. రెండు గంటలకి మెడ తిప్పలేకపోయాను. మొదటి జెండా దాకా వెళ్ళేసరికే రెండు గంటల నలభై నిమిషాలైంది. అక్కడ సంచి దింపి మళ్ళీ ఎత్తుకోవడానికి ఇద్దరు పట్టుకోవాల్సొచ్చింది. అందులో ఒకడు "మేడం, మీ అరువు బ్యాగే నయమేమో" అన్నాడు. వాణ్ణి తిడదామంటే ఊపిరి లేదు.

రెండో వారం మోటారు నువ్వు చెప్పినట్టే సర్దాను. అదే నొప్పి. నీ పని మీద నాకు అనుమానం లేదు. మరి తప్పెక్కడుంది? అక్క ఇల్లంతా తిరిగిందన్నావు. అక్కకి తెలియని బరువు నాకెందుకు తెలుస్తోంది? నాకు వయసైపోయిందా? అదైనా సూటిగా చెప్పు.

మరదలు


సంచుల దుకాణం.
మార్చి 23

మొండీ,

మీ అక్క నీకంటే నాలుగేళ్ళు పెద్దది. వయసు మాట ఎత్తకు.

సంచిలో తప్పు లేదు. కొలత సరిపోయింది, మనిషికి తగిలించి చూశాను, ఇంకేం కావాలి? సర్దడంలోనే ఉంది. బ్యాటరీ ఎక్కడ పెట్టావో రాయలేదు. బయటి వైపు పెట్టుంటావు. అది వెనక్కి లాగుతుంది, నువ్వు ముందుకి వంగుతావు, భుజాలు ఛస్తాయి. పట్టీలు వరసగా బిగిస్తున్నావా? నడుము పట్టీ నడుముకి గట్టిగా బిగించావా? వదులుగా వదిలేసి ఊపిరాడట్లేదని సాకులు చెప్పేవాళ్ళని చాలామందిని చూశాను.

చెప్పినట్టు చేసి చూడు. ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాను.

బావ


శిక్షణ శిబిరం.
ఏప్రిల్ 1

బావగారికి,

తమరు రాసిన ఉత్తరం అందింది. తమరు ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నారని తెలిసి సంతోషించాను.

బ్యాటరీ వీపుకి ఆనించే పెట్టాను. నడుము పట్టీ నడుముకే బిగించాను, బొడ్డు మీదుగా, తిన్నది పైకి తన్నేంత గట్టిగా. తర్వాతే భుజం పట్టీలు. వరస తప్పలేదు. సాకులు చెప్పే అలవాటు నాకు లేదు. అలవాటు ఉంటే తాడు సగం ఎప్పుడో తిరిగి ఇచ్చేసేదాన్ని.

నిన్నటి నడకలో సగం దారిలో కూలబడ్డాను. పెద్దాయన నా పక్కనుంచి నడిచి వెళ్తూ గడియారం చూసుకున్నాడు. తిట్టినా బాగుండేది.

ఇంకా నాలుగు వారాలుంది. తమరికి వీలైతే ఆలోచించండి. లేకపోతే అరువు బ్యాగుతోనే తంటాలు పడతాను.

ఇట్లు,
మరదలు


సంచుల దుకాణం.
ఏప్రిల్ 6

తల్లీ,

"తమరు" అని రాసినందుకు నాకు కోపం లేదు. అబద్ధం. ఉంది. ఉత్తరాన్ని రెండు రోజులు మిషను సొరుగులో పడేశాను. ఇవాళ మళ్ళీ తీశాను, గట్టిగా జవాబు రాద్దామని. అప్పుడు చూశాను నీ రాత.

నీ అక్షరాలు వంకర పోతున్నాయి. ఫిబ్రవరి ఉత్తరం పక్కన పెట్టి చూశాను. నీది గీత గీసినట్టుండే రాత. ఇందులో వరసలు కిందకి జారుతున్నాయి. ఒక్కో చోట కలం కాగితానికి ఆనలేదు, ఇంకో చోట చింపింది.

సూటిగా అడుగుతున్నాను. కుడిచేతి వేళ్ళు మొద్దుబారుతున్నాయా? చిటికెన వేలూ, దాని పక్కదీ? అవునంటే ఆ సంచి ఇక ఎత్తకు. ఒక్క రోజు కూడా ఎత్తకు. పరీక్ష వద్దు, కొండ వద్దు, దిగి వచ్చెయ్. డ్రిల్లు ఎవడో ఒకడు చూసుకుంటాడు. మర బిగించే చెయ్యి పోతే మళ్ళీ రాదు. నేను ఊరికే చెప్పట్లేదు.

బావ


శిక్షణ శిబిరం, జీపు పక్కన నిలబడి.
ఏప్రిల్ 9

డ్రైవరు అరగంట ఆగుతానన్నాడు, ఇప్పటికే హారన్ కొడుతున్నాడు.

అవును, రెండు వేళ్ళు. మూడు వారాలుగా. పొద్దున్న చొక్కా గుండీ పెట్టుకోవడానికి చూసి చూసి పెట్టాల్సొస్తోంది. ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. నీకూ చెప్పకూడదనుకున్నాను, ఎందుకంటే నువ్వు ఇలాగే అంటావని తెలుసు. దిగి వచ్చెయ్! ఎంత సులువుగా అనేశావు!

డ్రిల్లు ఎవడో ఒకడు చూసుకుంటాడా? పోయినేడు చూసుకున్నాడు కదా ఎవడో. సంచిలో తప్పు లేదంటావు, నా వయసులో తప్పు లేదంటావు, వచ్చెయ్ అంటావు. ఏ తప్పూ లేకపోతే నేనెందుకు రావాలి? నీకు సంచి కుదరక చేతులెత్తేసి, నన్ను కూడా ఎత్తెయ్యమంటున్నావు. నా చెయ్యి నా ఇష్టం. పరీక్షకి వెళ్తాను. పట్టీలు తెగేదాకా వెళ్తాను.

రాను.


ఇల్లు, వంటగది బల్ల.
ఏప్రిల్ 13

చెల్లీ,

నేను, అక్కని. నేను ఉత్తరాలు రాసే మనిషిని కాదని నీకు తెలుసు. మీ బావ నీ ఉత్తరాల్లో మంచి మాటలే నాకు చదివి వినిపిస్తూ వచ్చాడు. "సంచి బాగుందంట, అందరూ మెచ్చుకున్నారంట." ఇవాళ దారం కోసం దుకాణంలో మిషను సొరుగు తెరిస్తే నీ కోపమంతా అందులో ఉంది. కూర్చుని అన్నీ చదివాను.

నువ్వు బొడ్డు మీద బిగించానని రాశావు. బొడ్డు మీద ఎందుకు బిగించావే?

నేను రోజంతా ఎక్స్‌రే గదిలో సీసం ఏప్రన్ వేసుకుంటాను. మొదటి ఏడాది దాని బెల్టు నడుముకి కట్టుకుని భుజాలు పడిపోయి ఏడ్చేదాన్ని. పాత సిస్టరు ఒకావిడ చూసి, "మెత్తటి చోట కట్టుకుంటే ఏం ఆగుతుందమ్మా, ఎముక మీద కట్టుకో" అని రెండు చేతుల్తో కిందకి లాగింది. పక్కన చెయ్యి పెడితే తుంటి ఎముక పై అంచు తగులుతుంది, అక్కడ. ఆ రోజు నుంచి బరువు కాళ్ళలోకి పోయింది. భుజాలకి పని తగ్గింది.

మీ బావ నడుము దాకా కొలవమన్నాడు. వాళ్ళ దుకాణంలో నడుమంటే తుంటి ఎముకే. ముప్ఫై ఏళ్ళుగా అంటూ ఉండేసరికి, లోకంలో మిగతావాళ్ళకి నడుమంటే నడుమేనని మర్చిపోయాడు. నన్ను ఎముక దాకా కొలిచాడు. నువ్వు నీ నడుము దాకా కొలిపించుకున్నావు. రెండూ పదహారున్నర వచ్చి కూర్చున్నాయి, ఇక ఇద్దరికీ అనుమానమే రాలేదు.

మనిద్దరి ఎత్తు ఒకటే గానీ నాకు కాళ్ళు పొడుగు, నీకు వెన్ను పొడుగు. నా చొక్కాలు నీకెప్పుడూ పొట్టే. వంగితే వీపు కనపడుతోందని అమ్మ తిట్టేది, గుర్తులేదా? మీ బావకి చొక్కాలు మార్చుకోవడం గుర్తుంది, తిట్లు గుర్తులేవు. అది నా కొలత సంచి. నీ వెన్నుకి ఆ పట్టీ ఎముక దాకా దిగదు. ఎంత బిగించినా పొట్ట మీదే ఉంటుంది.

మళ్ళీ కొలిపించు. మెడ ఎముక నుంచి తుంటి ఎముక పై అంచు దాకా. అంకె రాసి సంచిని అదే జీపులో పంపెయ్.

ఇంకొకటి. చెప్పొద్దని పాతికేళ్ళ క్రితం మాట తీసుకున్నాడు గానీ, చెప్తున్నాను. మీ బావ ఎడమచేతి వేళ్ళు రెండు మిషను సూది దిగి పాడయ్యాయని నీతో అన్నాడు కదా. మిషను ఆయన్నేమీ చెయ్యలేదు. మిగతాది ఆయన్నే అడుగు. మొన్న నీ ఉత్తరం వచ్చాక దుకాణం మూసి ఇంటికొచ్చి, కుడిచేత్తో ఆ రెండు వేళ్ళు పట్టుకుని కూర్చున్నాడు. అన్నం తినలేదు.

నువ్వు దిగి రావాలని నేననను. చెయ్యి జాగ్రత్త.

అక్క


శిక్షణ శిబిరం.
ఏప్రిల్ 16

బావా,

పంతొమ్మిది.

సంచి జీపెక్కించాను. వంటావిడ తుంటి ఎముక కోసం వెతుకుతుంటే నాకు చక్కిలిగింతలు పుట్టి నవ్వూ, ఏడుపూ కలిసి వచ్చాయి. మూడు వారాలు మనిద్దరం ఒక మాట మీద పోట్లాడుకున్నాం.

నీ వేళ్ళ సంగతి నాకెందుకు చెప్పలేదు?

మరదలు


సంచుల దుకాణం.
ఏప్రిల్ 20

తల్లీ,

శనివారం సంచి వచ్చింది. భుజం పట్టీల మొదళ్ళు విప్పి రెండున్నర అంగుళాలు పైకి కుట్టాను. పట్టీలు పైకి జరిగితే సంచి కిందికి దిగుతుంది, నడుము పట్టీ ఎముక మీద కూర్చుంటుంది. అల్యూమినియం బద్దలు కూడా మార్చాను. కుట్టిందే మళ్ళీ విప్పడం ఎంత కష్టమో నీకు చెప్పనక్కర్లేదు. ప్రతి కుట్టూ నేనే గట్టిగా వేసి చచ్చాను.

నువ్వు బొడ్డు మీద అని రాసినప్పుడు నేను ఆ మాట చదవలేదనుకోకు. చదివాను. "తమరు" దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి, ఆ తర్వాత చదివిందేదీ బుర్రలోకి ఎక్కలేదు. మరదలు కోపంగా రాసిందని చూశాను గానీ ఏం రాసిందో చూడలేదు.

వేళ్ళ సంగతి అడిగావు. గోడకి వేలాడే ఆ పాత సంచి కొండ మీద ఇరవై రోజులు మోశాను. అందరికీ ఒకే కొలత సంచులిచ్చారు. రెండో వారానికి ఎడమచెయ్యి మొద్దుబారింది. చెప్పలేదు, నీలాగే. మూడో వారం తాడు పట్టుకోలేక వదిలేశాను. కింద ఉన్న మనిషి జారాడు. మంచులో ఆగాడు కాబట్టి బతికాడు. నాయకుడు నన్ను కూర్చోబెట్టి, "నీ ఒళ్ళు కొండకి పనికిరాదయ్యా" అన్నాడు. నమ్మాను. దిగొచ్చేశాను. పనికిరాని ఒళ్ళని చెప్పుకోవడం సిగ్గేసి, సూది కథ చెప్పాను. నీకప్పుడు పదిహేడేళ్ళు, నోరు తెరుచుకుని విన్నావు.

అందుకే వచ్చెయ్ అన్నాను. ఒళ్ళు పనికిరాకపోతే రావాల్సిందే అనుకున్నాను. ఒంట్లో కాదు తప్పు కొలతలో ఉందని మీ అక్క చెప్పేదాకా తట్టలేదు.

పట్టీ లోపలి వైపు ఎర్ర దారంతో "తుంటి పట్టీ" అని కుట్టాను. నడుం బిగించడం, నడుం కట్టడం అని మనం అంటూనే ఉంటాం, అంతా దానివల్లే. ఎత్తుకునేటప్పుడు వంగి, పట్టీ ఎముక మీద పెట్టి బిగించి, అప్పుడు నిటారుగా నిలబడు. భుజం పట్టీల కింద నీ అరచెయ్యి దూరాలి. దూరకపోతే పరీక్ష మానెయ్. ఈ ఒక్క మాట విను.

తాడు సగం తిరిగిచ్చెయ్ అనను. ఇవ్వవు.

బావ


రెండో శిబిరం,
గుడారంలో, డ్రిల్లు పెట్టె మీద కాగితం పెట్టి.
మే 20

బావా,

పరీక్ష ఫలితం వైర్‌లెస్‌లో మీకు చెప్పమన్నాను. చెప్పారో లేదో తెలియదు. మూడు గంటల నలభై తొమ్మిది నిమిషాలు. ఆఖరి నుంచి మూడోదాన్ని. అరచెయ్యి దూరింది. ప్రతి మలుపులో పెట్టి చూసుకున్నాను. పెద్దాయన రెండో జెండా దగ్గర నిలబడి గడియారం చూసి "ఊఁ" అన్నాడు. అంతే. పోయినేడు నుంచీ ఆ ఊఁ కోసం ఎదురు చూస్తున్నానని ఆయనకి తెలిస్తే ఇంకొక మాట అనేవాడేమో.

నొప్పి లేదని అనను. కాళ్ళు పిండయిపోయాయి. కానీ అది నడిస్తే వచ్చే నొప్పి, పడుకుంటే పోయింది. మా బృందం డాక్టరమ్మ ఒకతె భుజాలు పట్టుకుని మూలుగుతుంటే పోయి చూశాను. పట్టీ పొట్ట మీద. రెండు చేతుల్తో కిందకి లాగాను. "ఇదేంటండీ, జారిపోతోంది!" అంది. "జారనివ్వండి, ఎముక ఆపుతుంది" అన్నాను. డాక్టరుకి ఎముక ఎక్కడుందో మెకానిక్ చెప్పాల్సొచ్చింది.

నిన్న డ్రిల్లు దింపాం. పన్నెండు మీటర్ల దగ్గర మళ్ళీ ఇరుక్కుంది. అందరూ నా వైపు చూశారు. చేతి తొడుగు తీసేసి, మెల్లిగా, ఎడమకి తిప్పాను. నా చేత్తో. కదిలింది. ఇవాళ్టికి ముప్ఫై నాలుగు మీటర్లు.

నా రాత చూడు. వరసలు తిన్నగా ఉన్నాయి కదా? ఉంగరం వేలు వచ్చేసింది. చిటికెన వేలు ఇంకా సగం మొద్దుగానే ఉంది. మెల్లిగా వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. తప్పకుండా వస్తుందని మాత్రం చెప్పలేదు.

ఒక్కటి అడగనా? నువ్వు గోడకి తగిలించుకున్న ఆ సంచి ఎన్ని అంగుళాలు?

మొండి


సంచుల దుకాణం.
జూన్ 2

మొండీ,

నీ ఉత్తరం చదివి మీ అక్క టేపు తెచ్చింది. నేను వద్దన్నాను. ఖాతాదారులున్నారన్నాను. ఎవరూ లేరు. గోడకి నిలబెట్టి తల వంచమంది.

ఆ సంచి పదిహేడు. నేను ఇరవై ఒకటి.

నాలుగు అంగుళాలు. పాతికేళ్ళుగా ఆ సంచిని చూసినప్పుడల్లా నా ఒళ్ళు పనికిరాదనే అనుకున్నాను. వచ్చినవాళ్ళందరి వెన్నులూ కొలిచాను, నాది కొలుచుకోవాలని ఒక్కనాడూ తోచలేదు. ఎంత కోపమొచ్చిందంటే, ఎవరి మీద చూపించాలో తెలియక కాసేపు మిషను మీద ఊరికే దారం లేకుండా కుట్టాను. మీ అక్క ఆపలేదు. తర్వాత స్టూలెక్కి సంచి దింపాను. గోడ మీద దాని ఆకారం తెల్లగా అలాగే ఉండిపోయింది. వచ్చినవాళ్ళు బోర్డేదండీ అని అడుగుతున్నారు. మరమ్మతులో ఉందని చెప్తున్నాను.

పట్టీలు విప్పాను. బట్ట ఇంకా గట్టిగానే ఉంది. రెండు వేళ్ళు పనిచెయ్యకపోయినా మిగతా ఎనిమిదితో కుడతాను, ఇన్నాళ్ళూ కుట్టినట్టే.

మీ పెద్దాయన వచ్చే ఏడు సామాన్లు మోసేవాళ్ళకి వయసు అడ్డు పెడతాడా? నాకు యాభై నాలుగు. ఊరికే అడుగుతున్నాను. తాడు పట్టుకునే పని వద్దు, బరువు మోసేది చాలు.

వెన్ను ఇరవై ఒకటి అని రాసుకోమను. తుంటి ఎముక దాకా. కొలత నేను తియ్యలేదు, మీ అక్క తీసింది.

బావ